మంద్రానికి సమయం కావాలి

వాన. దూరంగా ఉరుము. చర్చి గంట ఒకటి ఆగి ఆగి మోగుతుంది. అర నిమిషం దాటాక గిటార్ మూడంటే మూడు స్వరాలు పలుకుతుంది: కింది షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి దిగి ప్రతి మధ్యమం. మళ్ళీ అవే మూడు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు ఇంగ్లండులో విడుదలైన ‘బ్లాక్ సబ్బత్’ ఆల్బమ్ ఇలా మొదలవుతుంది. బృందం పేరూ అదే, ఆల్బమ్ పేరూ అదే, ఆ మొదటి పాట పేరూ అదే. తర్వాతి కాలంలో డూమ్ మెటల్ అని పేరు పడిన సంగీతానికి పుట్టిల్లు ఆ మూడు స్వరాలే.

షడ్జమం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న ఆ దూరాన్ని పాత యూరప్ సంగీత శాస్త్రకారులు సైతానుతో ముడిపెట్టారు. మనకు ఇది వింతగా తోస్తుంది. మన 72 మేళకర్తల్లో సగం, అంటే 36, ప్రతి మధ్యమం ఉన్నవే. కల్యాణికి ఆ వెలుగు వచ్చిందే ఆ స్వరం వల్ల. పెళ్ళిపందిట్లో నాదస్వరం మీద హాయిగా వినే స్వరం ఈ బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళ చేతిలో అంత భయం ఎలా పుట్టించింది? కల్యాణిలో మధ్యమం పంచమంలోకి వెళ్ళి సేద తీరుతుంది. ఇక్కడ అలా వెళ్ళి కూర్చోదు, ఉన్నచోటే వణుకుతూ ఉండిపోతుంది. పైగా తర్వాతి స్వరం ఎప్పుడొస్తుందో అని మనం ఎదురుచూసేంత నిదానంగా వస్తుంది. భయం ఆ స్వరంలో లేదు, దాన్ని వాళ్ళు నిలబెట్టిన తీరులో ఉంది. డూమ్ మెటల్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ నిలబెట్టడం గురించే.

మొదటిసారి ఈ పాటను నేను ఫోన్ స్పీకర్లో విన్నాను. నచ్చలేదు. ఎవరో తగరపు డబ్బా మీద తీరిగ్గా గీస్తున్నట్టు అనిపించింది. ఇంత నెమ్మదిగా వాయించడానికి అంత పేరేమిటి అనుకుని మానేశాను. తప్పు పాటది కాదు. గోరంత ఉండే ఫోన్ స్పీకర్ సెకనుకు రెండు మూడు వందల కంపనాలకు దిగువన ఉన్న ధ్వనిని పలికించలేదు. గిటార్లో అన్నిటికంటే కింది తీగ ఏమీ నొక్కకుండా మీటితే సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. అంటే ఫోన్లో నేను విన్నది ఆ స్వరం మీది నురగ మాత్రమే. మన మెదడు ఆ నురగను బట్టి అడుగున ఏ స్వరం ఉండాలో ఊహించి శ్రుతిని పూరించుకుంటుంది కాబట్టి పాట గుర్తుపట్టగలం. కానీ బరువు ఊహలో పుట్టదు, గాలి కదలాలి.

కొన్నేళ్ళకు ఒక స్నేహితుడు పాత స్పీకర్ల జత ఒకటి బాగు చేయించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక్కోదాంట్లో 12 అంగుళాల కోన్. వాటి మీద బ్లాక్ సబ్బత్ వాళ్ళ 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లోని ‘ఇన్‌టు ది వాయిడ్’ పెట్టాడు. గిటార్ మొదలవగానే వంటింటి అలమారలోని స్టీలు గ్లాసులు సన్నగా జుమ్మన్నాయి. నా చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది, ఆ చెక్కలోంచి అరచేతికి పాట తెలుస్తోంది. నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది మరో రాక్ పాట కాదు, చిన్నప్పుడు సంగీతం టీచరుగారి ఇంట్లో తంబురా. పాఠానికి ముందు ఆవిడ తంబురా శ్రుతి చేసి, దాని కుండకి చెవి ఆనించి కాసేపు వినమనేవారు. పాడొద్దు, ఊరికే వినమనేవారు. వింటూ ఉంటే ఒక్క తీగలోంచి ఇంకేవో స్వరాలు పైకి లేచి, మెరిసి, మళ్ళీ లోపలికి పోయేవి. ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. అది మళ్ళీ ఆ గిటార్ దగ్గర దొరుకుతుందని అనుకోలేదు.

ఈ గిటార్ ధ్వని వెనక ఒక గాయం ఉంది. బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతం వాడు. 1965లో, 17 ఏళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సంగీతం మీదే బతుకుదామని ఆ ఉద్యోగం వదిలేస్తున్న ఆఖరి రోజునే యంత్రం కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది కుడిచెయ్యే. గిటార్ ఇక లేదనుకున్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రైన్‌హార్ట్ కూడా అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళ వాడకం పోగొట్టుకుని, మిగిలినవాటితోనే జాజ్ గిటార్‌లో మహా విద్వాంసుడైనవాడు. అయోమీ గిన్నెలు తోమే సబ్బు ద్రవం సీసాను కరిగించి, ఆ ప్లాస్టిక్‌తో వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. జారకుండా పైన పాత జాకెట్ తోలు అంటించాడు. మామూలు గిటార్ తీగలు నొప్పి పుట్టిస్తుంటే బాంజో తీగలు తెచ్చి వేశాడు, అవి సన్నం. ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ నాటికి తీగల బిగువునే తగ్గించాడు. గిటార్ శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించేశాడు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. తీగ కంపన సంఖ్య దాని బిగువుకు వర్గమూలంలా మారుతుంది. మూడు అర్ధస్వరాలు దించితే 82 కంపనాలు 69కి వస్తాయి, బిగువు మాత్రం ఏకంగా 30 శాతం దాకా పడిపోతుంది. నొక్కే వేలికి అంత సుఖం. వదులైన తీగకు ఇంకో గుణం కూడా ఉంది. గట్టిగా మీటగానే దాని శ్రుతి వెంట్రుకవాసి పైకి లేచి, ఆ తర్వాత దిగి కుదురుకుంటుంది. ఎవరూ కావాలని వెయ్యని చిన్న గమకం అది. బిగువైన తీగ పలికే స్వరం మేకు కొట్టినట్టు ఉంటే, ఈ స్వరం నానిన మట్టిలో అడుగు వేసినట్టు కాస్త కుంగి నిలబడుతుంది. బాస్ వాయించే గీజర్ బట్లర్ కూడా తన తీగలు దించి, అయోమీ వాయించిన వరసనే ఒక స్థాయి కింద నడిపించాడు. మనం గిటార్ బరువు అనుకునేదాంట్లో సగం నిజానికి బట్లర్ చేతిది. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

శ్రుతి దించడం ఒక్కటే అయితే అది ఉత్త మంద్రస్థాయి గిటార్ అయ్యేది. దాని మీద ఆ గరుకుదనం ఎక్కడిది? మన ఊరి మైక్ సెట్ తలుచుకోండి. జాతరలో శక్తికి మించి సౌండ్ పెంచితే పాట బొంగురుపోయి గరగరమంటుంది. ఆంప్లిఫయర్ ఇవ్వగలిగినదానికి ఒక మితి ఉంటుంది. అంతకంటే పెద్ద అల వస్తే ఆ మితి దగ్గర దాని తల తెగిపోతుంది. గుండ్రటి అల తల చదునైతే అందులో కొత్త స్వరాలు పుడతాయి, అసలు కంపనానికి రెండింతలు, మూడింతలు, ఐదింతలు, ఇంకా పైకి. దీన్నే డిస్టార్షన్ అంటారు. మరీ ఎక్కువగా కోసేస్తే ఫజ్. మైక్ సెట్‌లో అది లోపం. గిటార్‌లో దాన్ని వాద్యంగా మలుచుకున్నారు. మనవాళ్ళు తంబురా గుర్రం మీద తీగ కింద నూలు దారం పెట్టి, జీవం పలికే చోటు కోసం దాన్ని వెంట్రుకంత ఇటూ అటూ జరపడంలో ఉన్నది కూడా ఇదే కోరిక. ఉత్త తీగ నునుపుగా, పలచగా పలుకుతుంది. దారం ఆ తీగను రాసుకుంటూ పోతేనే పై స్వరాలన్నీ మేలుకుంటాయి.

డిస్టార్షన్ చేసే రెండో పని స్వరాన్ని నిలబెట్టడం. నిండిన చెరువు అలుగు పారుతున్నంతసేపు నీటి మట్టం అలుగు ఎత్తులోనే ఉంటుంది. పై నుంచి వచ్చే వరద కొద్దికొద్దిగా తగ్గుతున్నా చూసేవాడికి చెరువు నిండుగానే కనిపిస్తుంది. గిటార్ తీగ మీటిన క్షణం నుంచీ నీరసిస్తూనే ఉంటుంది. కానీ అల ఆ మితి దాటి పొంగుతున్నంతసేపు మనకు వినిపించే బిగ్గరదనం తగ్గదు. అందుకే ఒక్కసారి మీటిన తీగ అన్ని సెకన్లు మోగుతుంది. స్పీకర్ ముందు గిటార్ పట్టుకుని నిలబడితే ఆ గాలి కదలికే మళ్ళీ తీగను కదిలిస్తుంది, ఇక ఆగదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఈ సంగీతంలో గిటార్ ఎక్కువగా వాయించేది పవర్ కార్డ్, అంటే షడ్జమ పంచమాల జంట. తంబురా మీద సాధారణంగా పలికేవి అవే రెండు స్వరాలు. వాటి కంపనాల నిష్పత్తి 2:3. అయోమీ దించిన శ్రుతిలో షడ్జమం 69 అయితే పంచమం దాదాపు 104. ఈ రెండూ కలిసి డిస్టార్షన్‌లోంచి వెళ్ళినప్పుడు వాటి మధ్య తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. 104లోంచి 69 తీసేస్తే 35కు కొంచెం తక్కువ. సరిగ్గా షడ్జమానికి ఒక స్థాయి కింది షడ్జమం. ఎవరూ మీటని, ఆ గిటార్‌లో ఏ తీగా పలకలేని స్వరం ఆంప్లిఫయర్‌లోంచి బయటికొస్తుంది. గాంధారం కలిపి నిండు కార్డు వాయిస్తే ఆ తేడాలన్నీ ఒకదానితో ఒకటి కలవక బురద అవుతాయి. షడ్జమ పంచమాల దగ్గర మాత్రం అన్నీ ఒకే ఇంట్లో చేరతాయి. కొసలు లేని వేళ్ళకు పవర్ కార్డ్ సులువు కూడా. గాయమూ గణితమూ ఒకే చోటికి చేరిన ఇలాంటి సందర్భం సంగీత చరిత్రలో మరొకటి ఉందేమో నాకు తట్టడం లేదు.

బరువు కావాలంటే బాస్ పెంచితే చాలు కదా అనుకునేవాళ్ళు చాలామంది. నేనూ అనుకున్నాను. అయోమీ అసలు అందుకు ఎదురు చేశాడు. గిటార్‌కీ తమ ఊళ్ళోనే తయారయ్యే లేనీ ఆంప్లిఫయర్‌కీ నడుమ ట్రెబుల్ బూస్టర్ పెట్టాడు, అంటే పై స్వరాలను ముందుకు తోసే చిన్న పెట్టె. బురద స్వరాలను లోపలికే రానివ్వకుండా, పదునైన భాగాన్ని పెంచి ఆంప్లిఫయర్‌ను నిండా పొంగించాడు. ఆ ధ్వనికి అంచులు తెలుస్తాయి. కొండకు కూడా అంచు కనబడితేనే కదా ఎంత పెద్దదో తెలిసేది. తర్వాతివాళ్ళు వేరే దారులు పట్టారు. న్యూయార్క్‌లో 1969 ప్రాంతంలో పుట్టిన బిగ్ మఫ్ అనే ఫజ్ పెట్టె, ఆరెంజ్, మాటాంప్, సన్ వంటి వాల్వ్ ఆంప్లిఫయర్లు ఈ లోకంలో దాదాపు పూజలందుకుంటాయి.

ఇక నిదానం సంగతి. నిమిషానికి 200 దెబ్బల వేగంలో, దెబ్బకు నాలుగు సార్లు మీటే థ్రాష్ మెటల్ గిటార్‌ను తీసుకోండి. ఒక్కో స్వరానికి దొరికే వ్యవధి సెకనులో వెయ్యింట 75 వంతులు. అయోమీ కింది తీగ ఆ వ్యవధిలో మొత్తం అయిదు సార్లు కంపిస్తుంది. ఆ అయిదు కంపనాల్లో చెవి స్వరాన్ని సరిగ్గా పట్టుకునేలోపు తర్వాతిది మీద పడుతుంది. అదే నిమిషానికి 60 దెబ్బల లయలో, నాలుగు దెబ్బల పాటు ఆ తీగను వదిలేయండి. 4 సెకన్లు, 277 కంపనాలు. మీటిన చప్పుడు వేరుగా వినిపిస్తుంది. ఆ తర్వాత స్వరం విచ్చుకోవడం, పంచమంతో రాసుకోవడం, అడుగున ఆ మీటని స్వరం లేవడం, చివర గరుకుదనం సన్నబడుతూ ఉత్త తీగ బయటపడడం, అన్నీ వినిపిస్తాయి. అంటే శ్రుతి కిందికి దిగేకొద్దీ లయ కూడా నెమ్మదించాలి, లేకపోతే ఆ లోతు ఎవరికీ అందదు. డూమ్ వాయించేవాళ్ళు నెమ్మదిగా వాయించడం నైపుణ్యం లేక కాదు, దిగులు చూపించడానికి మాత్రమే కూడా కాదు. వాళ్ళు పట్టుకున్న స్వరం అంత వ్యవధి అడుగుతుంది. విలంబ కాలంలో కృతి ఎత్తుకున్న గాయకుడికి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. వేగంలో దాక్కునే తప్పులన్నీ అక్కడ బయటపడతాయి. డోలు వాయించేవాడికి ఇంకా కష్టం. రెండు దెబ్బల నడుమ అంత ఖాళీని తొందరపడకుండా మొయ్యాలి.

నిదానానికి ఒకప్పుడు తిట్లు కూడా తగిలాయి. లాస్ ఏంజెలెస్‌లో హార్డ్‌కోర్ పంక్ మహా వేగంగా పరిగెడుతున్న రోజుల్లో సెయింట్ వైటస్ అనే బృందం బ్లాక్ సబ్బత్ అడుగుజాడల్లో ఈడ్చి ఈడ్చి వాయించింది. ఆ పేరు కూడా సబ్బత్ పాటలోంచి తీసుకున్నదే. వేగానికి పెట్టింది పేరైన బ్లాక్ ఫ్లాగ్ బృందం 1984లో ‘మై వార్’ రికార్డు రెండో వైపంతా ఆరేసి నిమిషాలు దాటే మూడు మందగమనపు పాటలతో నింపితే అభిమానుల్లో చాలామంది చిరాకుపడ్డారు. 1986లో స్వీడన్ నుంచి క్యాండిల్‌మాస్ బృందం తెచ్చిన ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’ ఈ శైలికి చర్చి గోపురమంత ఎత్తునిచ్చింది, దాని పేరులోనే డూమ్ కూడా స్థిరపడింది. ఆ తర్వాత ఉత్తర ఇంగ్లండులో మై డయింగ్ బ్రైడ్ ఈ బరువు పక్కన వయొలిన్ నిలబెట్టింది.

కాలిఫోర్నియాలోని స్లీప్ బృందం కథ కొంచెం ఆగి చెప్పాలి. పెద్ద కంపెనీ ఒకటి ఒప్పందం చేసుకుని ఆల్బమ్ చెయ్యమంటే ముగ్గురూ కలిసి గంట దాటే ఒకే ఒక్క పాట రికార్డు చేశారు. కంపెనీ విడుదల చెయ్యలేదు, బృందం చెదిరిపోయింది. ఆ పాట కుదించిన రూపంలో 1999లోనూ, ‘డోప్‌స్మోకర్’ పేరుతో 63 నిమిషాల రూపంలో 2003లోనూ బయటికొచ్చింది. ఇప్పుడు ఈ శైలిలో దాన్ని కొలమానంగా చూస్తారు. పాట గంజాయి చుట్టూ తిరుగుతుంది. డూమ్‌లో ఒక శాఖ అంతా ఆ పొగలోనే ఉంటుంది. ఆ ధ్వని అందుకోవడానికి అది అవసరమని ఎవరైనా చెబితే నమ్మకండి, చెవులూ తీరికా చాలు. మాట్ పైక్ గిటార్ అందులో ఒకే వరసను ఎన్నోసార్లు తిప్పుతుంది. పదోసారికి విసుగు వస్తుంది. ఇరవయ్యోసారికి ఆ వరస లోపల ఇంతకుముందు వినని అంచులు వినిపించడం మొదలవుతుంది. నాకైతే విసుగును దాటాకే ఆ పాట తలుపు తెరుచుకుంది.

ఇంకొంచెం ముందుకు వెళితే లయ కూడా రాలిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చిన డిలన్ కార్ల్‌సన్ తన బృందం ఎర్త్ పేరుతో 1993లో చేసిన ‘ఎర్త్ 2’ రికార్డులో మొత్తం కలిపి 70 నిమిషాలు దాటే మూడు ఖండాలున్నాయి, డోలు దాదాపు లేదు. గిటార్ ఒక స్వరం మీద కూర్చుని మోగుతుంది, అంతే. కార్ల్‌సన్ మీద లా మాంటే యంగ్ అనే అమెరికన్ స్వరకర్త ప్రభావం ఉంది. ఆ యంగ్ 1970 నుంచి కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడు, తంబురా ముందు ఏళ్ళ తరబడి కూర్చున్నవాడు. నాకు స్నేహితుడి ఇంట్లో ఆ గిటార్‌లో తంబురా వినిపించడం ఉత్త భ్రమ కాదని ఇది తెలిశాక ఎంత సంతోషించానో చెప్పలేను. ఎర్త్ దారిలోనే 1998లో స్టీఫెన్ ఓమాలీ, గ్రెగ్ ఆండర్సన్ కలిసి మొదలుపెట్టిన బృందం తమకిష్టమైన ఆంప్లిఫయర్ పేరే పెట్టుకుంది: సన్. వాళ్ళ గిటార్ సెకనుకు 55 కంపనాల దాకా దిగుతుంది. ఆ స్వరపు అల గాలిలో దాదాపు 6 మీటర్ల పొడవుంటుంది. పదడుగుల గదిలో ఆ అల గోడ నుంచి గోడకు దాదాపు సగం పడుతుంది కాబట్టి గది కూడా దానితో కలిసి మోగుతుంది. గ్లాసులు జుమ్మనడానికి ఇలాంటి కారణాలే.

మన దేశంలో ఈ శైలికి బలమైన చోటు బెంగళూరు. బెవార్ సీ, జిన్ అండ్ మిస్కటానిక్ బృందాలు అక్కడివే. హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దుటికి చేరే దూరం కాబట్టి కచేరీ ఉందని తెలిస్తే వెళ్ళొచ్చు. వెళ్ళేవాళ్ళు చెవిలో పెట్టుకునే ప్లగ్గులు జేబులో వేసుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోగల చెవి, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటకు మించి భరించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ హద్దు పెట్టింది. ఈ కచేరీలు ఆ హద్దును తేలిగ్గా దాటేస్తాయి. ప్లగ్గులు పెట్టుకుంటే బరువు తగ్గుతుందేమోనని భయపడనక్కర్లేదు. మంద్రస్వరం ఎలాగూ పక్కటెముకల్లోంచి వస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. ఫోన్ స్పీకర్ వద్దు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు గానీ కాస్త పెద్ద స్పీకర్లు గానీ ఉండాలి. ‘ఇన్‌టు ది వాయిడ్’ తర్వాత క్యాండిల్‌మాస్ ‘సాలిట్యూడ్’, ఆ తర్వాత ఇంగ్లండు బృందం ఎలక్ట్రిక్ విజార్డ్ 2000లో చేసిన ‘ఫ్యునరలోపొలిస్’ వినండి. ఈ మూడోది డిస్టార్షన్ లేని గిటార్‌తో మొదలై కొంతసేపటికి ఫజ్ విరుచుకుపడుతుంది. ఒకే వరస రెండు రూపాల్లో వినిపిస్తుంది కాబట్టి ఫజ్ ఏం చేస్తుందో పాఠంలా తెలుస్తుంది. మాటలు పట్టుకోవాలని, రాగం వెతకాలని చూడకండి. గిటార్ మీటిన ప్రతిసారీ ఆ మోత చివరి దాకా వెంట వెళ్ళి చూడండి.

ఆఖరున, తీరిక చిక్కిన రోజున, సియాటిల్ ద్వయం బెల్ విచ్ 2017లో చేసిన ‘మిర్రర్ రీపర్’. 83 నిమిషాలు, ఒకటే పాట. అందులో గిటార్ లేదు, ఆరు తీగల బాస్ ఒకటే గిటార్ పనీ బాస్ పనీ చేస్తుంది. బృందం తొలి డ్రమ్మర్ ఏడ్రియన్ గెర్రా 2016లో చనిపోయాడు. అతను బతికుండగా పాడి పక్కన పెట్టిన గొంతును మిత్రులు ఈ పాట నడుమ తెచ్చి కూర్చారు. అక్కడికి వచ్చేసరికి బాస్ తీగ ఒకటి మోగి, సన్నబడి, ఇక పూర్తిగా ఆగిపోతుందేమో అనిపించేటంతసేపు అలాగే ఉంటుంది. తర్వాతి మీటు కోసం వాళ్ళు తొందరపడరు. ఆ మోత అడుగున, చాలా లోతు నుంచి, చనిపోయిన స్నేహితుడి గొంతు లేస్తుంది.